అమ్మమ్మ నల్లచీర కట్టిందా?

మా ఇంటి హాల్లో, గడియారం కింద, ఒక పాత ఫోటో ఉంది. 1946లో గుంటూరులో ఒక స్టూడియోలో తీసింది. తాతయ్య చేతుల కుర్చీలో కూర్చున్నాడు. అమ్మమ్మ పక్కన నిలబడి కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించింది. వెనక తెర మీద పాలరాతి మెట్లు, పూలకుండీలు, దూరంగా ఓ సరస్సు. పల్నాటి ఎండల్లో పుట్టి పెరిగిన ఆ ఇద్దరూ అలాంటి సరస్సును ఏనాడూ చూసి ఉండరు. పెళ్లయిన నెలకు తీయించుకున్నారట. ఫోటోలో అమ్మమ్మ చీర నల్లగా ఉంటుంది. మామూలు నలుపు కాదు, కాటుక నలుపు.

చిన్నప్పుడు అది మాకు వింతగా తోచలేదు. పాత ఫోటో అంటే నలుపూ తెలుపే కదా! కానీ మా పిన్ని కూతురి పెళ్లికి వచ్చిన చుట్టమొకావిడ దాని ముందు ఆగి, "కొత్త పెళ్లికూతురికి నల్లచీరేమిటండీ, ఇంట్లో ఎవరూ చెప్పలేదా?" అనేసి కాఫీ తాగడానికి వెళ్లిపోయింది. ఆవిడ వెళ్లింది గానీ ప్రశ్న అక్కడే ఉండిపోయింది. ముదురాకుపచ్చ అయ్యుంటుందని అమ్మ. కాదు, నేరేడు రంగని పిన్ని. "అవి కంట్రోలు రోజులు. బట్ట దొరకడమే గొప్ప, రంగు చూసి కొన్నారా?" అని పెదమామయ్య. చెప్పాల్సిన అమ్మమ్మ పోయి అప్పటికే పదేళ్లు.

ఆ చిక్కు గత డిసెంబరులో విడిపోయింది. అదీ మేం కొత్త ఫోటో తీయించుకోబోయి, ఏం కట్టుకోవాలో తేలక కొట్టుకుంటున్నప్పుడు.

అమ్మానాన్నల పెళ్లయి యాభయ్యేళ్లు. తమ్ముడూ మరదలూ పిల్లలతో డాలస్ నుంచి వస్తున్నారు, చెల్లెలి కుటుంబం వైజాగ్ నుంచి. పిన్నినీ మామయ్యలనూ కలుపుకుంటే పదిహేడు మందిమి. అందరం కలిసి ఒక మంచి ఫోటో అనుకోవడానికి పది నిమిషాలు పట్టింది. అందులో ఎవరు ఏం వేసుకోవాలో తేల్చడానికి మూడు వారాలు పట్టింది.

ముందు మా చెల్లెలు వాట్సాప్‌లో ఒక బొమ్మ పెట్టింది. ఎవరిదో కుటుంబం. ఆడవాళ్లకు లావెండర్ చీరలు, మగవాళ్లకు అదే బట్టతో లాల్చీలు, చంకలో పసిపిల్లకు అదే బట్టతో గౌను. ఒక్క బొటీక్‌లో ఇచ్చేస్తే పది రోజుల్లో అన్నీ కుట్టి పంపుతారట. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని బొమ్మను కాసేపు చూశాడు. "బాగున్నారమ్మా. ఏ ఊరు మేళం?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

తరవాత తమ్ముడి కొడుకు, వాడికి పదహారేళ్లు, అందరం తెల్ల చొక్కా, జీన్సు వేసుకుందామన్నాడు. "నేను కూడానా?" అని అమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. దానికి రెండు రోజులపాటు ఎవరూ జవాబివ్వలేదు.

నేను నవ్వుతున్నాను గానీ, అందరికీ ఒకే బట్ట అన్నది మనకు కొత్తేమీ కాదు. మా చిన్నప్పుడు దసరాకి నాన్న ఒక తాను మొత్తం కొనేవాడు. విడిగా మీటర్ల లెక్కన కొనే కంటే చవక. టైలరు మిషను మోసుకొచ్చి అరుగు మీదే కూర్చుని, ఆడపిల్లలకు గౌన్లు, మగపిల్లలకు చొక్కాలు కుట్టి పడేసేవాడు. మిగిలిన ముక్కతో దిండు గలీబులు. 1983 దసరా ఫోటోలో అయిదుగురు పిల్లలం గోధుమరంగు మీద నారింజ పూల బట్టలో వరుసగా నిలబడి ఉన్నాం. 'ఆ తానులో ముక్కలే' అని ఎవరైనా అంటే మాకు అది సామెతగా తోచదు. ఆ ఫోటో చూసిన వాళ్లెవరైనా ముందు బట్టను చూస్తారు. నారింజ పూలు, నారింజ పూలు, నారింజ పూలు. ఆ తరవాతే అందులో తలకాయలు ఉన్నాయని గమనిస్తారు. మా అయిదుగురివీ అచ్చం తాతయ్య ముక్కులే. ఆ సంగతి నలభై ఏళ్ల తరవాత మరదలు చెప్పేదాకా మాలో ఎవరికీ తట్టలేదు.

అప్పుడు నాన్న డబ్బు ఆదా చేయడానికి చేసిన పనిని ఇప్పుడు మనం డబ్బు పోసి చేయించుకుంటున్నాం. అంతే తేడా.

ఎర్రబల్బు గది

ఫోటోగ్రాఫరు మా ఊరివాడే. వాళ్ల నాన్నా ఇదే పని చేశాడు. ఫోటోకి వారం ముందు వచ్చాడు, కెమెరా లేకుండా. ఏం కట్టుకుంటారని అడగలేదు. "ఎక్కడ నిలబడతారు?" అని అడిగాడు. పెరట్లో అరటి చెట్ల ముందు అన్నాం. తల అడ్డంగా ఊపాడు. పచ్చటి ఆకుల మధ్య నిలబడితే ఆ పచ్చదనం మొహాల మీద పడుతుందట. మనం కంటితో చూస్తే ఆ తేడా తెలియదు, మెదడు సర్దేసుకుంటుంది. కెమెరా సర్దుకోదు. పైగా పిన్ని కట్టుకుంటానంటున్న చిలకపచ్చ చీర ఆ ఆకుల్లో కలిసిపోయి, ఫోటోలో ఆవిడ తలా చేతులే మిగులుతాయి. చివరికి వెల్ల వేసిన పడమటి వసారా గోడ ఖాయం చేశాడు, సాయంత్రం నాలుగున్నరకు.

మరదలు వెంటనే అందుకుంది. డాలస్ చుట్టుపక్కల మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పొలాల నిండా బ్లూబానెట్ పూలు పూస్తాయి. టెక్సస్ రాష్ట్ర పుష్పం అదే. అక్కడి కుటుంబాలు, మనవాళ్లతో సహా, పిల్లల్ని ఆ నీలి పూల మధ్య కూర్చోబెట్టి ఫోటోలు తీయించుకోవడం ఏడాదికోసారి జరిగే పండగలాంటిది. మొదటి ఏడాది వీళ్లు పూలకు సరిపోతుందని అందరికీ నీలం బట్టలు వేశారట. "ఫోటోలో మా పాప లేదు వదినా. వెతుక్కోవాలి" అంది. మరుసటి ఏడాది పసుపు గౌను వేసిందిట.

కాఫీ తాగుతూ ఫోటోగ్రాఫరు గడియారం కింది ఫోటో చూశాడు. దగ్గరికి వెళ్లాడు. "దించి చూడొచ్చా అమ్మగారూ?" అని అమ్మనడిగి, కిటికీ దగ్గర వెలుగులో పెట్టుకున్నాడు.

"ఇది ఎర్రచీరండీ."

అమ్మ నమ్మలేదు. "నల్లగా కనిపిస్తుంటే ఎరుపంటావేమయ్యా?"

"బొట్టు చూడండి. బొట్టు ఏ నలుపులో ఉందో చీరా అదే నలుపులో ఉంది. కొత్త పెళ్లికూతురు నల్లబొట్టు పెట్టుకోదు కదా!"

ఎనభై ఏళ్లుగా ఇంట్లో ఉన్న ఫోటో. మాలో ఒక్కరం కూడా బొట్టు వైపు చూడలేదు.

అతను చెప్పింది ఇదీ. ఆ రోజుల్లో చాలా స్టూడియోలు వాడిన ప్లేట్లను ఆర్థోక్రోమాటిక్ అంటారు. అవి నీలాన్నీ ఆకుపచ్చనూ గ్రహిస్తాయి గానీ ఎరుపును చూడవు. ఎర్రటి వస్తువు నుంచి వచ్చే కాంతి ఆ ప్లేటుకు చీకటితో సమానం. అందుకే కుంకుమ, ఎర్రచీర నల్లగా పడతాయి. నీలమేమో వెలిసిపోయి తెల్లగా పడుతుంది. డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు వేసుకుని ధైర్యంగా పని చేసుకోగలిగింది కూడా ఈ గుడ్డితనం వల్లే. అన్ని రంగులనూ చూసే పాంక్రోమాటిక్ ప్లేట్లు 1906లోనే అమ్మకానికి వచ్చినా, వాటిని కడగాలంటే గదిలో పూర్తి చీకటి ఉండాలి. వాళ్ల నాన్న చాలాకాలం పాతవే వాడాడట. "ఎర్రబల్బు కింద బొమ్మ నెమ్మదిగా పైకి తేలుతుంటే చూస్తూ కడగడం అలవాటైన చెయ్యి. చీకట్లో నమ్మకం కుదిరేది కాదు" అన్నాడు. "ముదురాకుపచ్చ అయితే ఇంతకంటే తేలిగ్గా పడేదండీ. ఇంకో మాట. మీ తాతగారి చొక్కా తెల్లదనుకుంటున్నారేమో, లేత నీలం కూడా అయ్యుండొచ్చు."

పిన్ని ఫోన్‌లో ఇదంతా విని, చాలాసేపు ఊరుకుని, "ఎరుపు. అవును, ఎరుపే అయ్యుంటుంది. అమ్మకి ఎరుపంటే ప్రాణం" అంది. అంతకుముందు నేరేడు రంగని వాదించింది తనేనన్న సంగతి మేమెవరం గుర్తు చేయలేదు.

ఫోటోకి ముస్తాబవడం మన దగ్గర ఈనాటి ముచ్చట కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరుగా పేరు తెచ్చుకున్న రాజా దీన్‌దయాళ్, 1890ల్లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ. పరాయి మగవాడి కంట పడకుండా ఫోటో తీయించుకునే వీలది. ఆ వైభవం లేని చిన్న ఊళ్లలో స్టూడియో గోడ మేకుకు ఒక కోటు వేలాడేది. ఊళ్లో సగం మంది ఉద్యోగ దరఖాస్తుల మీద ఉండేది ఆ ఒక్క కోటే. సన్నటివాళ్లకు వీపు వెనక పిన్నులు పెట్టి బిగించేవారు. లావుపాటివాళ్లకు వెనక కుట్టు విప్పేసి ముందు వైపు మాత్రం తగిలించేవారు. మా ఫోటోగ్రాఫరు వాళ్ల నాన్న స్టూడియోలోనూ ఒకటుండేదట. దాన్ని ఉతికిన గుర్తు మాత్రం లేదన్నాడు.

పెద్దావిడ చీరతో మొదలు

ఇక అసలు తగువు. మేం మూడు వారాలు కొట్టుకుని తేల్చలేనిది అతను ఒక్క ప్రశ్నతో తేల్చాడు. "అమ్మగారు ఏం కడుతున్నారు?"

అప్పటిదాకా అమ్మను ఎవరూ అడగలేదు. పిల్లలకేం వెయ్యాలి, అల్లుళ్లకేం కొనాలి అని చూశాం గానీ, ఎవరి యాభయ్యేళ్ల పండగో వాళ్లను అడగడం మరిచిపోయాం. అమ్మ లోపలికెళ్లి ఏమాత్రం తడుముకోకుండా ఒక గద్వాల్ చీర తెచ్చింది. గంధం రంగు నూలు ఒళ్లు, బచ్చలిపండు రంగు పట్టు అంచు. ఎప్పుడో అనుకుని పెట్టుకుందన్నమాట.

ఫోటోకి గద్వాల్ ఎందుకు అంత బాగా నప్పుతుందో నాకు ఆరోజే అర్థమైంది. నూలు ఒళ్లు, పట్టు అంచు మగ్గం మీదే కుప్పడం పద్ధతిలో కలిపి నేసే చీర అది. ఒళ్లు వెలుగును పీల్చుకుంటుంది, మెరవదు. మెరుపంతా అంచుకూ పైటకూ పరిమితం. మొహం పక్కన మెరుపు తక్కువుంటే చూసేవాళ్ల కన్ను మొహం మీదే నిలుస్తుంది. నిండు జరీ పట్టుచీరను ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీస్తే జరీ ఉన్నచోటల్లా తెల్లటి మచ్చలు పడతాయి. వేలు పోసి కొన్న జరీ సున్నం చిలికినట్టు కనిపిస్తుంది. పెళ్లి ఆల్బమ్‌లలో ఇది చూడనివాళ్లుండరు. జరీ చీరే కట్టాలనుకుంటే పక్క నుంచి వచ్చే మెత్తటి వెలుతురు కావాలి. మంగళగిరి చీరలు, సాదా ఒళ్లు, చిన్న నిజాం అంచు, ఈ లెక్కన చూస్తే ఫోటో కోసమే పుట్టినట్టుంటాయి. పోచంపల్లి చిటికీ నాకు చాలా ఇష్టం, అయితే పదిహేడు మందిలో ఇద్దరు కట్టుకుంటే చాలు. నలుగురు కడితే ఫోటోలో చీరలు చీరలతో మాట్లాడుకుంటాయి, మనుషులు పక్కకు తప్పుకోవాలి.

అమ్మ చీర తేలాక మిగతాది తేలికైంది. ఆ ఒక్క చీరలోంచే రంగులు తీశాం. గంధం, బచ్చలిపండు, అంచులోని పాత జరీ రంగు. వీటికి దగ్గర బంధువులెవరైనా రావచ్చు: మీగడ, తేనె, ఇటుక రంగు, ఉల్లిపొట్టు రంగు, వంగపండు. ఎవరికి నచ్చింది వాళ్లు తమ బీరువాలోంచే తీసుకోవాలి. కొత్తది కొనకూడదని అమ్మ ఆజ్ఞ. పైకి పొదుపు మాటలా ఉన్నా దానికి ఇంకో గుణం కూడా ఉంది. కొత్త బట్టలో మనిషి బిగుసుకుంటాడు. చంకలో పట్టేసే జాకెట్టు, మెడను కోసే కాలరు, నిలబడి ఉండే గంజి కుచ్చిళ్లు, వీటి బాధంతా నవ్వులో తెలిసిపోతుంది. నాలుగుసార్లు కట్టి ఉతికిన చీర ఒంటితో పాటు కదులుతుంది.

ఒకే ఒక్క రంగు దగ్గర అమ్మకీ ఫోటోగ్రాఫరుకీ కుదరలేదు. వెనక వరసలో మగవాళ్లకు ముదురు రంగు కావాలని అతను. నలుపైతే ససేమిరా వీల్లేదని అమ్మ. శుభమా అని యాభయ్యేళ్ల పండగ, నలుపేమిటి! చివరికి నేరేడు రంగు దగ్గర ఇద్దరూ రాజీపడ్డారు. ఆ రంగు కెమెరాకు నలుపు, అమ్మకు కాదు.

తెలుపు సంగతి మాత్రం నేను ఊహించలేదు. నాన్న పంచె అంటే అంచు దగ్గర వేలు తెగేంత ఇస్త్రీ, నీలిమందు పెట్టిన మల్లెపూవు తెలుపు. అదే వద్దన్నాడు ఫోటోగ్రాఫరు. బట్టల సబ్బు పొడుల్లో తెలుపు కోసం కలిపే పదార్థాలు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని తీసుకుని నీలంగా వెలుగుతాయి. ఫ్లాష్ పడితే పంచె ట్యూబులైటులా వెలుగుతుంది. దాన్ని తగ్గించబోతే పక్కనున్న మొహాలు చీకటవుతాయి. మొహాలు తెరిపిన పడేలా తీస్తే పంచె మడతలన్నీ పోయి తెల్ల కాగితం కత్తిరించి అంటించినట్టుంటుంది. మీగడ రంగు పట్టుపంచె కట్టించాం. నాన్న కట్టుకున్నాడు గానీ, "మాసినట్టు లేదూ?" అని సాయంత్రందాకా అడుగుతూనే ఉన్నాడు.

మా మరిదికి సన్నగళ్ల చొక్కాలంటే ప్రాణం. ముందురోజు ఫోన్‌లో తీసి చూపించాం. చొక్కా మీద నీళ్లలో అలల్లా, రంగురంగుల చారలు కదులుతున్నాయి. మొయిరే అంటారు. కెమెరా లోపల కాంతిని పట్టే చుక్కలు వరసలు కట్టి ఉంటాయి. చొక్కా గీతలూ ఇంచుమించు అంతే సన్నగా పడితే రెండు వరసలూ ఒకదానితో ఒకటి తగువుపడి, అసలు బట్టలోనే లేని చారను పుట్టిస్తాయి. పెద్ద గళ్ల నారాయణపేట చీరకు ఈ బెడద అంతగా లేదు, సన్నగీతలకే. మరిది చొక్కా మార్చాడు. మొహం మాత్రం మార్చలేదు, ఫోటోలో ఇప్పటికీ అలానే ఉన్నాడు.

పట్టుచీరల మడతల గురించి ఒక్క మాట. ఏళ్ల తరబడి బీరువాలో ఒకే మడతలో ఉన్న చీర కడితే ఒంటి మీద నాలుగు పలకలు గీసినట్టు కనిపిస్తుంది. చెల్లెలు రెండు రోజుల ముందే చీరలన్నీ తీసి తలుపుల మీద వేలాడదీసింది. ఇల్లంతా అద్దకపు షెడ్డులా తయారైంది.

పిల్లల విషయంలో తెలివంతా మరదలిదే. పట్టులంగా జరీ నడుము దగ్గర గుచ్చుకుంటే ఏ పిల్లా నవ్వదు. లోపల పాత మెత్తటి నూలు లంగా వేసింది. అన్నం పెట్టాకే బట్టలు మార్చింది. నాలుగున్నర ఫోటోకి నాలుగూ ఇరవైకి. అంతకుముందు నా మనవడికి ఎవరో నారింజరంగు పుల్ల ఐస్ కొనిపెట్టారు. బట్టల మీద పడలేదు, ఆ లెక్క సరిపోయింది. నాలుక మీద రంగు మాత్రం ఫోటోలో అలాగే ఉంది.

నాలుగున్నరకు

ఇంత చేశాక ఏదో ఒకటి మిగలకపోతే మా ఇల్లు కాదు. నాన్న కళ్లద్దాలు ఎండ తగిలితే నల్లబడే రకం. గదిలో ఎవరూ గమనించలేదు. వసారాలో పది నిమిషాలు కూర్చునేసరికి అవి కాస్తా చలవ కళ్లద్దాలయ్యాయి. పట్టుపంచె, ఉత్తరీయం, నల్ల కళ్లద్దాలు. వెనకటి సినిమాలో జమీందారు విలన్‌లా కూర్చుని ఉన్నాడు. పాత కళ్లజోడు వెతకడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో మావారి జేబులో ఫోను, పెదమామయ్య జేబులో మందుల డబ్బా, నా ముంజేతికి జడ రబ్బరు, పిన్ని భుజాన బయటికి వేలాడుతున్న పిన్నీసు, అన్నీ బయటపడ్డాయి. ఇంకో మేలు కూడా జరిగింది. ఎదురుచూసి ఎదురుచూసి అందరూ బిగుసుకోవడం మానేశారు.

చెప్పులు విప్పించారు. ఇంటి ముందు నిలబడి తీయించుకునేదానికి పదిహేడు రకాల చెప్పులెందుకు? వట్టి కాళ్లు. ముందు వరసలో అమ్మ పాదాలకు పసుపు. అది మేం అనుకున్న రంగుల్లో లేదు.

పిన్ని చిలకపచ్చ చీర మానలేదు. వెల్ల గోడ ముందు కదా అని ఆ ధైర్యం. మెడ కింద, గడ్డం దగ్గర ఆ పచ్చదనం లేతగా ప్రతిఫలించి ఉంటుంది, పట్టి చూస్తే. ఫోటోగ్రాఫరు కంప్యూటర్‌లో సరిచేస్తానన్నాడు. వద్దన్నాం. పిన్ని ఎప్పుడూ అలాగే ఉంటుంది, చెప్పిన మాట విననట్టు.

ఫోటో సంక్రాంతి దాటాక వచ్చింది. ఫ్రేము కట్టించేముందు నాకు 1983 ఫోటో గుర్తొచ్చింది. నారింజ పూలని ఇందాక రాశాను గానీ, ఆ ఫోటోలో ఇప్పుడవి నారింజ కావు. మొత్తం ఇటుకరంగుకు తిరిగింది. ఆనాటి రంగుల ప్రింట్లలో నీలిఛాయ ఇచ్చే రంగు, ఆల్బమ్ మూసి ఉన్నా సరే, మిగతావాటికంటే ముందు వెలిసిపోయేది. అది పోతే మిగిలేది ఎరుపే. అమ్మమ్మ ఎరుపు నలుపైపోయింది, మా చిన్నప్పటి ఫోటోలో అన్నీ ఎరుపైపోయాయి. రేపు దీనికేమవుతుందో!

అందుకని చీటీలు రాశాను. ముందు అమ్మమ్మ ఫోటోకి: చీర ఎరుపు. తాతయ్య చొక్కా లేత నీలం, పక్కన ప్రశ్నార్థకం. దాన్ని మడిచి ఫ్రేము వెనక అట్టకీ ఫోటోకీ మధ్య పెట్టాను. తరవాత కొత్తదానికి ఒక్కొక్కరి పేరూ, బట్టా, రంగూ రాస్తూ వచ్చాను. అమ్మ పక్కన కూర్చుని చెప్పింది.

"నాది, గంధం రంగు గద్వాల్. బచ్చలిపండు అంచు. గద్వాల్ వెళ్లి నేతవాళ్ల ఇంట్లో కొన్నది. రాశావా?"

"రాశాను."

"ధర కూడా రాయవే. పిల్లలకి తెలియాలి."

"ఎంత?"

అమ్మ వసారా వైపు ఓసారి తొంగిచూసింది. నాన్న పేపరు చదువుకుంటున్నాడు.

"మీ నాన్నకి చెప్పింది రాయి."